తల్లి గడిలో మరో పేరు

"తల్లి వేలిముద్ర కావాలన్నారు. వేసేశాను," అంది కన్సొలాటా, పాక గుంజకి ఆనుకుంటూ.

అమోండి చేతిలో గరిటె ఆగిపోయింది. గిన్నెలో జావ మాత్రం బుడబుడమంటూనే ఉంది.

ఆసుపత్రి వెనక, రోగుల మనుషులు వండుకునే పాక అది. నిన్న సాయంత్రం నుంచీ వాళ్ళ సంసారమంతా అక్కడే. ఒక గిన్నె, ఒక నీళ్ళ డబ్బా, ఒక చాప, ఆ చాప మీద ఒక అత్తగారు.

"దేనికి వేలిముద్ర?"

"రక్తం ఎక్కించాలట. ఇక్కడ లేదట. కిసుము పెద్దాసుపత్రికి పంపిస్తారట. దేనికైనా తల్లి ఒప్పుకోవాలట. తల్లెవరూ అంటే నర్సు నా వంక చూసింది. నేను నీ కోసం అటూ ఇటూ చూశాను చెల్లీ. నువ్వు లేవు."

"నన్ను లోపలికి రానిస్తేగా అక్కా."

"ఆయాల్ని జావ వేళకే రానిస్తారు మరి," అనేసి కన్సొలాటా నాలిక కరుచుకుంది.

చాప మీంచి దోర్కా గొంతు లేచింది. పక్క పొయ్యి వాళ్ళకి కూడా వినపడాలన్నట్టు లేచింది.

"వేయాల్సిన మనిషే వేసింది. కన్నతల్లి కాక ఇంకెవరు వేస్తారు? నీ బిడ్డకి నువ్వు వేశావు. అందులో చెప్పుకోవడానికేముంది?"

"ఒడెరో వాళ్ళమ్మా..." కన్సొలాటా దోర్కా వైపు వంగి గొంతు తగ్గించింది. "ఇంక నా వల్ల కాదు. ఆ పిల్ల అరచేతులు చూశావా? నా చేపల తట్టలో ఐసు కూడా అంత తెల్లగా ఉండదు. పొట్ట చూస్తే ఇంత లేచింది. డాక్టరు నన్నడుగుతాడు, ఇంతకు ముందు బిడ్డలెవరైనా పోయారా అని. లేదంటాను. ఎన్నిసార్లనమంటావు?"

"లేదనే అను. నీకు ఎవరు పోయారు? ఐదుగురూ ఉన్నారుగా, ముళ్ళకంపల్లా."

"నా వాళ్ళు కాదు, దీని..."

"నోర్ముయ్!"

పక్క పొయ్యి దగ్గర ముసలాయన తల తిప్పి చూశాడు. దోర్కా ఆయనకి చిరునవ్వు చూపించి, తలగుడ్డ సర్దుకుని, మళ్ళీ రాతిబొమ్మ అయిపోయింది.

అమోండి గరిటె తిప్పింది. జావ అడుగంటింది. తాగే ఓపికే పిల్లకి లేదు, అడుగంటితే మాత్రం ఏం?

అవితి పుట్టిన రోజు పొద్దున్నే దోర్కా పసిగుడ్డుని అరిటాకులో చుట్టి, చెత్తకుప్ప పక్కన కాలిబాట మీద పెట్టి వచ్చింది. ముందే అనుకున్నట్టు పొరుగింటి కన్సొలాటా సరస్సు నుంచి చేపల తట్టతో అటు వచ్చింది. "అయ్యో, ఎవరో బిడ్డని పారేశారే! నేను తీసుకుంటున్నానోయ్," అని కేకేసి ఎత్తుకుంది. బిడ్డలు నిలవని ఇంట అక్కడ అందరూ చేసేదే. పారేసిన పిల్ల కాబట్టి పేరు అవితి. పారేసినదాని జోలికి మృత్యువు రాదు. తల్లి ఎవరో దానికి తెలియదు కనక, ఆ తల్లి మీది పాత పగ ఈ బిడ్డ మీద తీర్చుకోదు.

తక్కిన ఇళ్ళలో ఆ ఆట ఒక్క పూటతో సరి. సాయంత్రానికి బిడ్డ కన్నతల్లి ఒళ్ళోకి వచ్చేస్తుంది. దోర్కా ఇద్దరు మనవల్ని పూడ్చింది. పిల్లాడు ఒబురా ఇంకా నడక నేర్వకుండానే పోయాడు. వాడి తర్వాతది అవినో నడక నేర్చి పోయింది. ఒక్క పూట ఆటని ఆమె ఎలా నమ్ముతుంది?

"అది ఆసుపత్రిలోనే కాచుకుని కూర్చుంటుందే అలెగో పిల్లా. ఇద్దర్నీ అక్కడి నుంచే కదూ పట్టుకుపోయింది? ఇంట్లో నీ బిడ్డే. ఆసుపత్రి గడప తొక్కితే మాత్రం కన్సొలాటా బిడ్డ. దీనికి రెండేళ్ళు నిండేదాకా ఇంతే," అంది.

అమోండి సరేనంది. ఎవరు బలవంతం చేశారు? ఎవరూ చేయలేదు. బిడ్డ దక్కుతుందంటే నిప్పుల మీద నడవమన్నా సరేననేది.

పాత నర్సమ్మ ఉన్న రోజులైతే ఇంతదూరం వచ్చేది కాదు. కార్డు మీద 'అవితి' అని రాయగానే ఆవిడ తలెత్తి చూసేది, పక్కన నిలబడ్డ ఆడవాళ్ళలో అసలు తల్లి ఎవరో ముఖం చూసి పోల్చుకునేది, నవ్వి, కార్డు అంచున పెన్సిలుతో చిన్న గుర్తు పెట్టుకునేది. అవితి పుట్టిన ఏడే ఆవిడ రిటైరైంది. ఆ ఏడే కంప్యూటర్లు వచ్చాయి. వాటికి పెన్సిలు గుర్తు పెట్టుకునే అంచు లేదు. తల్లి అన్న గడి ఉంది. అందులో ఒకే పేరు పడుతుంది. కన్సొలాటా అని పడింది.

అప్పట్నుంచీ ఆసుపత్రికి వచ్చినప్పుడల్లా కన్సొలాటా బిడ్డనెత్తుకుని కుర్చీలో కూర్చునేది. అమోండి వెనక గోడకి నిలబడేది. "ఈ అమ్మాయెవరు?" అంటే, "మా ఇంట్లో ఆయా." బిడ్డకి ఆకలేస్తే ఆయా బయటికి తీసుకెళ్ళి, నీళ్ళ ట్యాంకు చాటున కూర్చుని పాలిచ్చుకునేది. నిన్నట్నుంచి చేతికి సూది గుచ్చి పైపు పెట్టారు. బయటికి తేవడానికి లేదు. అమోండి రొమ్ములు రాళ్ళలా గట్టిపడి సలుపుతున్నాయి.

తీరంలో ఏ ఆడదాన్నయినా తొలి బిడ్డ పేరుతో ఫలానా వాళ్ళమ్మా అని పిలుస్తారు. అమోండిని మాత్రం ఇన్నేళ్ళయినా, కొత్త కోడల్ని పిలిచినట్టు, పుట్టింటి ఊరి పేరుతో అలెగో పిల్ల అనే పిలుస్తారు.

మోటారుసైకిలు చప్పుడైంది. అమోండి మొగుడు ఒడెరో దిగాడు. ఆ పూట బాడుగలు మానుకుని బిస్కట్లు కొనుక్కొచ్చాడు. పిల్లకి గుక్క దిగడమే కష్టంగా ఉంటే ఈయన బిస్కట్లు. మగాళ్ళకి ఏం చేయాలో తోచకపోతే ఏదో ఒకటి కొంటారు.

"ఏమంటున్నారు?"

కన్సొలాటా మళ్ళీ మొదట్నుంచీ చెప్పింది.

"కిసుముకా?" ఒడెరో చాప అంచున కూలబడ్డాడు. "అమ్మా, ఇంక చెప్పేద్దాం."

"ఏం చెబుతావు?"

"ఉన్నది."

"ఉన్నది చెప్పే ఇద్దర్ని పంపించాం. అప్పుడు నువ్వే కదరా తండ్రి గడిలో నీ పేరు రాయించింది? 'నా కొడుకు, నా కొడుకు' అని డాక్టర్లందరికీ చెప్పుకున్నావు. మూడు రోజులు. మూడో రోజు ఏం మోసుకొచ్చావు ఇంటికి?"

ఒడెరో చేతిలో బిస్కట్ల పొట్లం నలిగింది.

"అది వేరు, ఇది వేరు," అన్నాడు.

"ఏం వేరు?"

అమోండి అప్పుడు నోరు విప్పింది.

"ఏమీ వేరు కాదు."

ముగ్గురూ ఆమె వైపు చూశారు.

"ఒబురాకి కూడా చేతులు ఇలాగే వాచాయి. వేళ్ళు అరటిపళ్ళలా. అవినోకి పాదాలు. ముట్టుకుంటే గుక్కపెట్టేది. దీనికి ఏడో నెలలో వాచాయి. నేను చూశాను. అదే వాపు. గుర్తుపట్టాను. గుర్తుపట్టి కూడా గోడకి నిలబడ్డాను."

"నువ్వు మాత్రం ఏం చేస్తావే," అంది కన్సొలాటా.

"డాక్టరు నిన్నడిగాడు కదక్కా, ఇలాంటిది ఇంట్లో ఇంకెవరికైనా వచ్చిందా అని. నువ్వు లేదన్నావు. నిజమే, మీ ఇంట్లో ఎవరికీ రాలేదు. ఆయన నవ్వి, 'ఐదుగురికి రానిది దీనికెందుకొస్తుంది, జ్వరం వాపులే' అని మలేరియా బిళ్ళలు రాశాడు. నేను అక్కడే ఉన్నాను. బిళ్ళలు పట్టుకోవడానికి చెయ్యి కూడా చాపాను."

"ఆ కంప్యూటరుకి నేనంటే ఎంత ముచ్చటో," కన్సొలాటా చేదుగా నవ్వింది. "దీనికి ముందు ఐదు కాన్పులు, ఐదూ సుఖం, చావు సున్నా. తెర మీద నన్ను చూసి డాక్టరు ప్రతిసారీ భేష్ అనేవాడు. నాకూ బాగానే ఉండేదే, దొంగముండని. ఇంట్లో ఎవరంటారు నన్ను భేష్ అని?"

అమోండి గిన్నె దించి నేల మీద పెట్టింది. నడుముగుడ్డకి చేతులు తుడుచుకుంది.

"ఎక్కడికి?" దోర్కా మణికట్టు పట్టుకుంది.

"డాక్టరు దగ్గరికి."

"వద్దే." ఆ గొంతులో ఇందాకటి పెత్తనం లేదు. "నా తల్లివి కదూ. ఇంకో ఆరు నెలలు. ఆరు నెలలే. ఇంత దూరం దాచుకొచ్చాం."

"ఆరు నెలలు ఎక్కడున్నాయి అత్తయ్యా? నిన్న రాత్రికే లేవనుకున్నాను."

ఆమె చెయ్యి విడిపించుకుంది. విడిపించుకోవడం అంత తేలికవుతుందని అనుకోలేదు. ముసలిదాని వేళ్ళలో బలం లేదు.

*

ముందు గదిలో బల్లల నిండా జనం. సిస్టం పడిపోయిందట. గుమాస్తా గోడ గడియారం వంక చూస్తూ టీ తాగుతున్నాడు. ఎవరో ముసలమ్మ, "బాబూ, నా దగ్గు ఆ పెట్టె లేచేదాకా ఆగదు నాయనా," అంటోంది. ఎవరూ నవ్వలేదు. అమోండి వాళ్ళ మధ్య నుంచి దారి చేసుకుని డాక్టరు గది తలుపు నెట్టింది.

డాక్టరు ముతిసో కుర్రవాడు. ఎక్కడో మచకోస్ వైపు నుంచి వచ్చాడు. ఒక చేత్తో కాగితం మీద రాస్తూ, ఒక కన్ను తెర మీద పెట్టి ఉన్నాడు. తెర లేచినప్పుడు అందులో ఎక్కించాలి. లేవకపోతే పోతుందని కాగితం మీదా రాయాలి. ఒకే రోగం రెండుసార్లు రాసుకునే బతుకు.

"ఏమ్మా ఆయా, తల్లిని పంపించు. బండి సిద్ధం చేయిస్తున్నాను," అన్నాడు స్వాహిలీలో, తలెత్తకుండానే.

"తల్లిని నేనే డాక్టరు గారూ."

"ఆఁ ఆఁ. కన్సొలాటా ఎక్కడ?"

"ఆవిడ బయటుంది. అవితిని నేను కన్నాను."

ఈసారి తలెత్తాడు. ఆమె చెప్పింది. అరిటాకు, చెత్తకుప్ప, చేపల తట్ట అన్నీ చెప్పింది. చెబుతుంటే తన చెవులకే పిచ్చిమాటల్లా వినిపించాయి. పాకలో అందరికీ తెలిసిన సంగతి ఈ గదిలోకి వచ్చేసరికి ఎందుకిలా అయిపోయిందో.

అప్పుడే తెర వెలిగింది. ముతిసో ఆమె పేరూ ఫోను నంబరూ అడిగి కొట్టాడు.

"ఇందులో నీకు కాన్పులే లేవమ్మా," అన్నాడు మెల్లిగా. "పిల్లలు లేరు అని ఉంది. నువ్వే చెప్పినట్టుంది. పోయినేడు జ్వరానికి వచ్చినప్పుడు."

చెప్పింది. గుమాస్తా అడిగాడు, పిల్లలున్నారా అని. బయట అత్తగారు నిలబడి ఉంది. ఇద్దరు లేరు, మూడోది చెప్పకూడదు. లేరంది. ఆ ఒక్క మాటకి తాను గొడ్రాలైపోతుందని అప్పుడు తెలియలేదు.

"ఇద్దరు పోయారు," అంది. "ఇక్కడే. ఈ ఆసుపత్రిలోనే. కంప్యూటరు రాకముందు. కాగితాలుంటాయి."

"ఉంటాయి. గోదాములో, ఎలకలు ఏమైనా మిగిల్చి ఉంటే." ముతిసో కుర్చీ ఆమె వైపు తిప్పుకున్నాడు. "పాత కాగితాలు ఎక్కించడానికి మనుషుల్నిస్తామన్నారు. ఎవరూ రాలేదు. సరే. వాళ్ళెలా పోయారో చెప్పు. నోటితో చెప్పు."

ఆమె వాపుల సంగతి చెప్పగానే ఆయన కలం కింద పెట్టేశాడు. అరచేతులు తెల్లబడటం చెబితే లేచి నిలబడ్డాడు. పొట్ట మాట చెప్పేసరికి సొరుగులోంచి పరీక్ష పట్టీ తీసుకుని వార్డులోకి వెళ్ళిపోయాడు. ఆమెని రమ్మని గానీ వద్దని గానీ అనలేదు. ఆమె వెంట వెళ్ళింది.

అవితి మంచం మీద ఎండిన ఆకులా ఉంది. సూది పొడిస్తే ఏడవాల్సిన పిల్ల, చిన్న మూలుగు మూలిగి, అమ్మ వాసన పట్టి తల తిప్పింది. నోరు వెతుక్కుంది. అమోండి వంగబోతే నర్సు చెయ్యి అడ్డం పెట్టింది. "ఆయా, పక్కకి."

పట్టీ మీద గీతలు లేచాక ముతిసో దాన్ని ఆమెకి చూపించాడు.

"రక్తంలో కణాలు గుండ్రంగా ఉండాలి. దీనివి కొడవలిలా వంగిపోతున్నాయి. సన్నని నరాల్లో ఇరుక్కుంటాయి. అందుకే ఆ వాపులు. ఇది తల్లి దగ్గర సగం, తండ్రి దగ్గర సగం వస్తుంది. మీకు తెలియకుండానే మీ ఇద్దరిలోనూ ఉంది."

"పగ కాదా?" అనేసింది అమోండి.

"ఏంటి?"

"ఏం లేదు."

"ఏడో నెలలో తెలిసుంటే రోజుకో మందు, జ్వరం రాగానే పరుగు, అంతే. బతుకుతారమ్మా. నా క్లాసులో ఒకడుండేవాడు, ఈ జబ్బుతోనే. ఇప్పుడు లాయరు." ఆయన ముఖం రుద్దుకున్నాడు. "ఈ పట్టీలు మాకు లెక్కగా ఇస్తారు. ఇంట్లో పిల్లలు పోయిన చరిత్ర ఉన్నవాళ్ళకే ముందు. ఐదుగురు బతికున్న తల్లి బిడ్డకి నేను వాడతానా? ఎన్నిసార్లు తెచ్చారు మీరు... నేను తెర వంకే చూశాను. ఒక్క గడి వదిలేసినా అది పక్క పేజీకి పోనివ్వదు. గోడకి నిలబడ్డ నిన్ను చూసి ఉంటే, ఆ ముఖం ఆయా ముఖమా అని అనుమానం రాకపోయేదా?"

అమోండికి ఆయన్ని తిట్టాలనిపించలేదు. చేతులు కాలిన ఇద్దరు మనుషులు ఒకరి చేతులొకరు చూసుకున్నట్టయింది.

"ఇప్పుడు మార్చండి డాక్టరు గారూ. నా పేరు పెట్టండి."

"తల్లిని మార్చడం నా చేతిలో లేదు. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు కూడా ఇదే అడుగుతారుగా. కౌంటీ ఆఫీసుకి అర్జీ పెడతాను, వాళ్ళు విచారించి మారుస్తారు. జబ్బు సంగతి కిసుము వాళ్ళకి కాగితం మీద రాసిస్తాను. బండిలో నువ్వే వెళ్ళు. పాలు తాగే పిల్ల కదా. నర్సు కెరూబోకి చెబుతాను..."

ఆయన జబ్బు సంగతి ఒక్కటే కాగితం మీద నింపి, మడిచి కవరులో పెట్టాడు. ఇంతలో కాన్పుల గది నుంచి ఒకమ్మాయి పరిగెత్తుకొచ్చింది. ఎవరికో రక్తం ఆగడం లేదట. ముతిసో కవరుని పిల్ల దుప్పటిలో దోపి పరిగెత్తాడు. కెరూబోకి చెప్పాల్సిన మాట ఆయనతోనే వెళ్ళిపోయింది.

*

అంబులెన్సు వెనక తలుపులు తీసి ఉన్నాయి. అవితిని లోపల పడుకోబెట్టి, ముక్కుకి ఆక్సిజన్ గొట్టం పెట్టారు. నర్సు కెరూబో చేతిలో ట్యాబ్ పట్టుకుని గుమ్మంలో నిలబడింది. కిసీ కొండల మనిషి, గొంతు కంచు.

"వెంట ఒక్కరే. తల్లి. కన్సొలాటా అవ్వోర్, ఎక్కు."

"నేను కాదమ్మా, ఈవిడ," అంది కన్సొలాటా.

"ఈవిడెవరు?"

"తల్లి."

"మరి నువ్వెవరు?"

"నేను... తల్లినే. కాగితంలో."

కెరూబో ఇద్దర్నీ చూసింది. "పొద్దున వేలిముద్ర వేసింది నువ్వు. ఏడాదిన్నరగా టీకాలన్నిటికీ వచ్చింది నువ్వు. ఈ అమ్మాయి మీ ఆయా అని నువ్వే చెప్పావు. ఇప్పుడు పిల్లని ఊరు దాటించేవేళకి తల్లి మారిందా? పోయిన నెల పక్క ఆసుపత్రిలో ఏం జరిగిందో విన్నారా? ఇలాగే ఎవరో తల్లినన్నారు, పిల్ల ఇప్పటిదాకా దొరకలేదు."

"డాక్టరు గారిని అడగండి," అంది అమోండి. "ఆయనకంతా చెప్పాను."

"ఆయన కత్తి పట్టుకుని ఉన్నారు. ఎప్పుడొస్తారో తెలియదు. ఈ ఆక్సిజన్ కిసుము దాకా సరిపోవాలంటే మనం ఇప్పుడే కదలాలి."

"నేను తండ్రిని," ముందుకొచ్చాడు ఒడెరో.

"తండ్రి గడి ఖాళీగా ఉంది బాబూ. ఆ గడిలోకి ఎవరైనా రావచ్చు."

రవిక విప్పి చూపించాలా? పాలు చూపిస్తే నమ్ముతారా? అమోండి చెయ్యి గుండీ మీదికి పోయింది కూడా. కెరూబో అది చూసింది. ఆమె కంచు గొంతు కొంచెం మెత్తబడింది.

"వినండి. నాకూ పిల్లలున్నారు. ఇంటి పెద్ద ఎవరైనా ఉన్నారా? పెద్దావిడ చెబితే నేను నమ్ముతాను. ఈ అమ్మాయినే ఎక్కించుకుంటాను, ఏమన్నా వస్తే నేను పడతాను."

అందరూ వెనక్కి తిరిగారు. దోర్కా ఎప్పుడొచ్చిందో, బండికి నాలుగడుగుల దూరంలో నిలబడి ఉంది.

అమోండికి ప్రాణం లేచొచ్చింది. అవితి బొడ్డు కోసింది ఆ చేతులే. మొదటి స్నానం పోసింది ఆ చేతులే. పిల్ల దగ్గితే తనకంటే ముందు లేచేది ఈ మనిషే.

"పెద్దమ్మా," అంది కెరూబో, "నా ముఖం చూసి చెప్పండి. ఈ పిల్లని ఎవరు కన్నారు? మీ కోడలేనా?"

దోర్కా కెరూబో ముఖం చూడలేదు. ఆమె భుజం మీదుగా బండి లోపలికి చూసింది. పిల్ల తల వెనక, వెలుగు అందని మూలకి చూసింది. ఆ చూపు అక్కడే అతుక్కుపోయింది. పెదాలు కదిలాయి, ఆగాయి.

"అత్తయ్యా," అంది అమోండి.

"చెప్పమ్మా!" అన్నాడు ఒడెరో.

దోర్కా తల పైకెత్తింది. గొంతు పెంచింది. పొద్దున పాకలో మాట్లాడినట్టే, చుట్టూ అందరికీ వినపడాలన్నట్టు.

"మా ఇంట పిల్లలెవరూ లేరు. నా కోడలు కనలేదు. ఆ పిల్ల ఎవరిదో నాకు తెలియదు. ఎవరో పారేసిన పిల్ల."

కన్సొలాటా నెత్తిన చేతులు పెట్టుకుంది.

కెరూబో ట్యాబ్ మీద వేలితో ఏదో నొక్కి, కన్సొలాటా రెక్క పట్టి పైకి లాగింది. "ఎక్కు. ఎక్కమన్నానా!"

"పాలు..." అంటోంది కన్సొలాటా. "అది పాలు తప్ప ఏమీ..."

తలుపులు పడ్డాయి. ఆ చప్పుడుకి లోపల అవితి ఏడ్చింది. నిన్నట్నుంచి ఏడవని పిల్ల. అంత నీరసంలో అంత గొంతు ఎక్కడ దాచుకుందో. బండి కదిలి గేటు దాటింది.

ఆ ఏడుపుకి అమోండి రొమ్ములు చేపుకొచ్చాయి. రవిక తడిసిపోయింది. ఆమె పరిగెత్తలేదు. ఎందుకు పరిగెత్తలేదో తర్వాత ఎప్పుడు తలుచుకున్నా ఆమెకి అంతుపట్టలేదు.

ఒడెరో తల్లి మీదికి వెళ్ళాడు. చెయ్యెత్తుతాడేమో అనిపించింది. ఎత్తలేదు. వెనక్కి వెళ్ళి మోటారుసైకిలు మీద కూర్చుని, ఒకటికి రెండుసార్లు తన్నాడు. మూడోసారికి అది లేచింది.

"ఎక్కు," అన్నాడు పెళ్ళాంతో.

దోర్కా దుమ్ములో కూర్చుండిపోయింది. కాళ్ళు ముందుకు చాపి, పసిపిల్లలా.

"అలా చూడకే," అంది. "నీకు కనపడలేదు. నాకు కనపడింది. దాని తల దగ్గరే నిలబడుంది. అవినో పోయేవేళ కూడా అక్కడే నిలబడింది, అదే మూల. చెవి ఇటు పెట్టి ఉంది. నీ పేరు చెబితే వినేది. నేనెలా చెప్పనే? చెప్పు, నేనెలా చెప్పను?"

ఇది పగ కాదని, రక్తమని, అది తల్లి దగ్గర సగం తండ్రి దగ్గర సగం వచ్చేదని చెప్పాలనుకుంది అమోండి. తండ్రి దగ్గరకి ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్పాలనుకుంది. ఈ ముసలిది ఆరుగురిని కని నలుగురిని పూడ్చిందని ఇంట్లో ఎవరూ పైకి అనని మాట నాలిక చివరికి వచ్చింది. ఆ చాపిన కాళ్ళు చూసి మింగేసింది.

ఎక్కి కూర్చుంది. దోర్కా ముందుకు పాకి ఆమె నడుముగుడ్డ అంచు పట్టుకుంది.

"నమ్మే ఉంటుంది కదూ? గట్టిగానే చెప్పాను కదూ? చెప్పవే, అది నమ్మి ఇక్కడే దిగిపోయి ఉంటుంది కదూ?"

బండి వణుకుతోంది. దూరంగా సంత మలుపు దగ్గర అంబులెన్సు హారను ఒకసారి వినిపించి ఆగిపోయింది. అమోండి వంగి ఆ వేళ్ళని ఒక్కొక్కటే విడదీయబోయింది. ఇందాక అంత సులువుగా విడిపోయిన వేళ్ళు ఇప్పుడు రాలేదు.